టెక్ సందేహాలు: కార్ట్రిడ్జ్ మార్చాలా, ముల్లు మార్చాలా?

సందేహం: నా టర్న్‌టేబుల్‌తో పాటే ఆడియో-టెక్నికా ఏటీ-వీఎం95ఈ కార్ట్రిడ్జ్ (ఆర్మ్ చివర ముల్లుని పట్టుకుని ఉండే చిన్న బాడీ) వచ్చింది. ఏడాదిన్నరగా రోజూ ఒక ఎల్పీ అయినా వింటున్నాను. మొదటి పాటలు బాగానే ఉంటాయి, చివరి పాటకి వచ్చేసరికి గాయకులు 'స' అన్నా 'శ' అన్నా బుస్సుమంటోంది. ఆర్టోఫాన్ 2ఎం బ్లూ తీసుకోమని ఒక ఫ్రెండ్, డెనాన్ డీఎల్-103 తీసుకుంటే మళ్లీ కార్ట్రిడ్జ్ మాట ఎత్తవని ఇంకో ఫ్రెండ్. ఏది కొనాలి?

రెండూ వద్దండీ. ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. ఎల్పీ రెండు వైపులూ కలిపి ముప్పావు గంట అనుకుంటే, రోజుకొకటి చొప్పున ఏడాదిన్నరకి 400 గంటలు దాటాయి. మీ ముల్లు ఎలిప్టికల్ రకం, అంటే కోల మొన, దాని ఆయుష్షు సుమారు 300 గంటలని తయారుచేసిన కంపెనీయే చెబుతోంది. అంటే మీరు ఇప్పుడు అరిగిపోయిన ముల్లుతో వింటున్నారు, కార్ట్రిడ్జ్ తప్పేం లేదు పాపం.

అరుగుదల చివరి పాటల్లోనే ఎందుకు బయటపడుతుంది? ఎల్పీ నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది, బయట అంచు దగ్గరైనా లేబుల్ దగ్గరైనా అదే వేగం. కానీ ముల్లు కింద గాడి పరుగు మాత్రం బయట సెకనుకు 51 సెంటీమీటర్లు ఉంటే, లోపలి చివర 21 సెంటీమీటర్లే. అదే 10,000 హెర్ట్జ్ శబ్దం బయట 51 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొడవున తీరిగ్గా పరుచుకుంటే, లోపల 21 మైక్రాన్లలో సర్దుకోవాలి. 'స', 'శ'ల శబ్దమంతా ఈ పై ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది కాబట్టి అక్కడ గాడిలోని వంపులు మరీ ఇరుకు. ఆ వంపుల్లో దూరాలంటే ముల్లు అంచు సన్నగా ఉండాలి, అరిగి చదునైన ముల్లు దూరలేక గోడల్ని రాసుకుంటూ పోతుంది. మీకు వినిపించే బుస అదే. (ఇలాగే వాడుతూ పోతే రికార్డు గాడి కూడా పాడవుతుంది, దానికి మాత్రం మందు లేదు. కొత్త ముల్లు వచ్చేదాకా మీకిష్టమైన రికార్డుల్ని పక్కన పెట్టండి.)

ఇప్పుడు మీ ఫ్రెండ్స్ సలహాల సంగతి. 2ఎం బ్లూ ముల్లు కొలత 8/18 మైక్రాన్లు. మీ వీఎం95ఈది 0.3 × 0.7 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 25.4 మైక్రాన్లు), మైక్రాన్లలోకి మార్చి చూడండి, ఇంచుమించు అదే! తేడా ఏంటంటే బ్లూలో ముల్లు మొత్తం ఒకే వజ్రపు ముక్క, మీదాంట్లో లోహపు ముక్క మీద చిన్న వజ్రపు మొన అతికించి ఉంటుంది. మొదటిది తేలిక కాబట్టి చురుగ్గా కదులుతుంది, వివరం కొంచెం ఎక్కువ వినిపిస్తుంది, కాదనను. కానీ మీ ఫిర్యాదు లోపలి గాడుల గురించి, అక్కడ ముల్లు ఆకారమే ముఖ్యం, పెట్టె మీద పేరు కాదు.

డీఎల్-103 అయితే ఇంకో దారి. అది మూవింగ్ కాయిల్ రకం, జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం 1960లలో తయారైంది. ఇప్పటికీ దానికి వీరాభిమానులు ఉన్నారు, గొంతు పలికించే తీరు నాకూ ఇష్టమే. కానీ దాని ముల్లు కోనికల్, అంటే గుండ్రటి మొన. లోపలి గాడుల్లో మీ పాత ఎలిప్టికల్ కన్నా దానికే ఎక్కువ ఇబ్బంది. పైగా దాని అవుట్‌పుట్ 0.3 మిల్లీవోల్టులు, మీదేమో 4. మీదాంటి మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌లకి వాడే మామూలు ఫోనో ప్రీయాంప్ (కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచేది) 40 డెసిబెల్స్ దాకా పెంచుతుంది, దీనికి 60 దాకా కావాలి. అంటే వేరే ప్రీయాంపో, స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మరో కొనాలి. ఆర్మ్ కూడా కాస్త బరువుగా ఉంటేనే దానికి పడుతుంది. కార్ట్రిడ్జ్ కొందామని వెళ్లి సిస్టమ్ సగం మార్చుకొచ్చినట్టు ఉంటుంది.

మీకు సరిపడేది మీ చేతిలోనే ఉంది. వీఎం95 వరుసలో బాడీ ఒకటే, ముల్లు మాత్రం రకరకాలు. వీఎం95ఎంఎల్ అనే మైక్రోలీనియర్ ముల్లు ఒక్కటి తెచ్చుకుని ఇదే బాడీకి తగిలించండి. దాని అంచు 0.12 మిల్, అంటే 3 మైక్రాన్లు. ఆయుష్షు కంపెనీ లెక్కలో 1,000 గంటలు. ధర ఎక్కువే కానీ గంటల లెక్కన చూస్తే మరీ అంత బరువనిపించదు. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, హెడ్‌షెల్‌ని (ఆర్మ్ చివర కార్ట్రిడ్జ్ బిగించి ఉండే ముక్క) ఆర్మ్ నుంచి విప్పి చేతిలో పట్టుకుంటే చేత్తోనే మార్చేయొచ్చు.

ఒక్క షరతు: ముల్లు సన్నబడేకొద్దీ దాని పేచీలు ఎక్కువ. వంకరగా బిగిస్తే ఎంఎల్ కూడా ఎలిప్టికల్ కన్నా దారుణంగా పలుకుతుంది. కాబట్టి ముల్లు తిన్నగా ఉందో లేదో చూసే ప్రొట్రాక్టర్ కాగితం ప్రింట్ చేసుకోండి, కొలత మారకుండా 100 శాతం సైజులో. కేంద్రం నుంచి 66 మిల్లీమీటర్ల దగ్గర ఒకటి, 120.9 దగ్గర ఒకటి చుక్కలుంటాయి. ముల్లుని ఒక్కో చుక్క మీద ఆనించి, పైనుంచి కాకుండా కళ్లు ఆర్మ్ ఎత్తులోకి దించి చూడండి. ముల్లుని మోసే ఆ సన్నటి పుల్ల, క్యాంటిలీవర్, కాగితం మీది గీతల్లో కలిసిపోయినట్టు కనిపించాలి. కార్ట్రిడ్జ్ బాడీ కాదు, పుల్లే చూడాలి, కొన్నింటిలో పుల్ల పుట్టుకతోనే ఒక వెంట్రుకవాసి పక్కకి ఉంటుంది. తర్వాత చిన్న డిజిటల్ త్రాసుతో ముల్లు గాడి మీద మోపే బరువు 2 గ్రాములకి పెట్టండి. తక్కువ బరువైతే రికార్డుకి మంచిదని చాలామంది తగ్గించేస్తారు, నిజానికి ముల్లు గాడిలో ఎగిరెగిరి పడితేనే ఎక్కువ దెబ్బ.

ఇంకోటి, శుభ్రం చేసేటప్పుడు బ్రష్ వెనక నుంచి ముందుకే కదపాలి. నేను ఒకసారి హడావిడిలో చొక్కా అంచుతో దుమ్ము దులిపాను. దారప్పోగు ఒకటి ముల్లుకి తగులుకుని, వదిలించుకునేలోపు పుల్ల కాస్తా వంగి కూర్చుంది. ఆ ముల్లు కొని అప్పటికి వారం.

సందేహం: పాత 78 ఆర్‌పీఎం రికార్డులు దొరికాయి. ఎల్పీ ముల్లుతోనే వినొచ్చా?

వద్దు. 78ల గాడి చాలా వెడల్పు, దానికి 3 మిల్ ముల్లు కావాలి. ఎల్పీ ముల్లు అందులో అడుగుకి జారిపోయి దుమ్ముని తవ్వుతూ కూర్చుంటుంది, గరగర తప్ప పాట వినపడదు. మీదీ వీఎం95 బాడీ అయితే అదే వరుసలో 78ల కోసం వీఎం95ఎస్‌పీ ముల్లు ఉంది. అది మార్చినప్పుడు బరువు కూడా దాని పెట్టె మీద రాసినంతకి మార్చండి, మళ్లీ ఎల్పీ పెట్టేముందు తగ్గించడం మర్చిపోవద్దు. 78లు చాలావరకు లక్కతో చేసినవి, వాటిని ఆల్కహాల్ కలిపిన ద్రావకంతో తుడిస్తే లక్క కరుగుతుంది.

సందేహం: కార్ట్రిడ్జ్ నేనే మార్చాను. ఇప్పుడు ఒక స్పీకర్ నుంచి గుంయ్ మని హమ్ వస్తోంది.

ఒక్క స్పీకరే కాబట్టి హెడ్‌షెల్ వైర్ల మీదే నా అనుమానం. తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ గ్రౌండ్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి గ్రౌండ్. ఆ స్పీకర్ వైపు ప్లస్, గ్రౌండ్ వైర్లు తారుమారయ్యాయేమో, లేదా ఏదైనా క్లిప్ వదులుగా ఉందేమో చూడండి. క్లిప్పుల్ని వేళ్లతో కాకుండా సన్నటి పట్టకారుతో, యాంప్లిఫైయర్ ఆపేసి, ముల్లుకి తొడుగు పెట్టాకే ముట్టుకోండి.