షాపు రీల్‌కి అన్నమయ్య కీర్తన పెట్టుకోవచ్చా?

తిరుపతిలో పూల కొట్టు నడిపే ఒకరి ప్రశ్న: అన్నమయ్య కీర్తన 500 ఏళ్ల నాటిది కదా, మా ఇన్‌స్టాగ్రామ్ రీల్‌కి పెట్టుకుంటే కాపీరైట్ సమస్య వస్తుందా?

సాహిత్యం వరకు రాదు. ఆయన 1503లో పరమపదించారు, ఆ పదాలు మనందరివీ. చిక్కంతా రికార్డింగ్‌తోనే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్ విడుదలయ్యాక 60 ఏళ్లు దానికి హక్కులుంటాయి. బాణీ సంగతీ చూడాలి. ఆయన కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద రాగాల పేర్లున్నాయి గానీ స్వరాలు లేవు. ఇప్పుడు మనం వినే బాణీలు చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవే, కాబట్టి వాటికీ హక్కులుండొచ్చు. 15 సెకన్లే కదా అంటే చట్టం ఒప్పుకోదు.

ఇంట్లో పాడేవాళ్లుంటే సొంత బాణీలో పాడించి ఫోన్‌లో రికార్డు చేయండి. తెల్లవారుజామున మల్లెలు కడుతున్న వేళ్లు, వెనకాల అమ్మ గొంతు... నాకైతే ఏ రికార్డింగ్ కన్నా అదే ఇష్టం.