13లో 9 చాలన్నారు, కిటుకంతా అక్కడే ఉంది

"అమెరికా రాజ్యాంగానికి 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి కదా, ఒకటి మొండికేస్తే ఏమయ్యేది?" అని అడిగారు. ఒకటి నిజంగానే మొండికేసింది. రోడ్ ఐలాండ్.

రాజ్యాంగానికి ముందున్న సమాఖ్య ఒప్పందంలో ఏది మార్చాలన్నా 13 రాష్ట్రాలూ సరేననాలి. దిగుమతుల మీద 5 శాతం సుంకం వేద్దామంటే 1782లో రోడ్ ఐలాండ్ ఒక్కటే కాదంది, అంతే, ఆగిపోయింది. ఆ బాధ నాకు తెలుసు. హైదరాబాద్‌లో మా 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కి సెక్రటరీగా చేశాను. కొత్త బోరుకి అందరి సంతకాలూ కావాలని మా బైలాస్. 23 వచ్చాయి. మూడో అంతస్తు ఆయన "చూద్దాంలెండి" అంటూనే ఎండాకాలం దాటించేశాడు.

1787లో రాజ్యాంగం రాయడానికి ఫిలడెల్ఫియాలో కూర్చున్నవాళ్లు అందుకే అందరూ ఒప్పుకోవాలన్న ఆ రూలునే పక్కన పెట్టారు. 9 రాష్ట్రాలు ఒప్పుకుంటే చాలు, ఒప్పుకున్నవాళ్ల మధ్యే అమలు. అదీ శాసనసభల్లో కాదు, ఇందుకోసమే జనం ఎన్నుకున్న సభల్లో. తమ అధికారం తగ్గే కాగితం మీద శాసనసభలు ఎందుకు సంతకం పెడతాయి? పాత ఒప్పందం ప్రకారం చూస్తే ఇది అడ్డదారే అంటాను.

డెలావేర్ 30–0 ఓట్లతో మొదట ఒప్పుకుంది. పెన్సిల్వేనియాలో గొడవైంది. రాజ్యాంగాన్ని ఒప్పుకోవాలో లేదో తేల్చే ఆ సభకి ఎన్నిక జరపాలన్న తీర్మానం ఆపడానికి వ్యతిరేకులు శాసనసభకి రాకుండా బసలో కూర్చున్నారు, కోరం లేదు. జనం వెళ్లి ఇద్దరిని లాక్కొచ్చి కుర్చీల్లో కుదేశారు, కోరం అయిపోయింది! మసాచుసెట్స్‌లో 187–168. అక్కడ "ముందు ఒప్పుకోండి, సవరణలు తర్వాత అడుగుదాం" అన్న రాజీ పనిచేసింది. హక్కుల సవరణలు 1791లో అలా వచ్చినవే. 1788 జూన్ 21న న్యూ హ్యాంప్‌షైర్‌తో 9 పూర్తయ్యాయి. కానీ వర్జీనియా, న్యూయార్క్ లేకుండా దేశమేంటి? వర్జీనియా 89–79, న్యూయార్క్ 30–27. ఎంత టెన్షనో చూడండి.

1789లో వాషింగ్టన్ అధ్యక్షుడయ్యేనాటికి నార్త్ కరోలినా, రోడ్ ఐలాండ్ బయటే ఉన్నాయి. నార్త్ కరోలినా ఆ నవంబర్‌లో వచ్చింది. రోడ్ ఐలాండ్‌తో వ్యాపారం ఆపేసే బిల్లును 1790 మేలో సెనేట్ పాస్ చేసింది. అదే నెల 29న 34–32తో దిగొచ్చింది.

మా మూడో అంతస్తు ఆయన కూడా, ట్యాంకర్ల ఖర్చు ఫ్లాట్ల వారీగా రాసి లిఫ్ట్ పక్కన అంటించాకే పెన్ను అడిగాడు.