పాత నమూనాలతో పుస్తకం రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పాత అల్లికల, కుట్ల నమూనాలతో నువ్వు రాస్తున్న పుస్తకం రాతప్రతి అందింది. మా పిల్లల వయసుదానివి కనుక చనువుగా నువ్వు అనే రాస్తున్నాను. భాష శుభ్రంగా ఉంది, బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. ఇక నాలుగో అధ్యాయం దగ్గరకు వస్తాను. ఈ ఉత్తరం వెంటనే రాయడానికి కారణం అదే.

అందులో టీపాయి మీద పరిచే గుండ్రటి క్రోషే లేసు, అంటే కొక్కెం సూదితో దారం అల్లి చేసేది, ఒకటి ఇచ్చి, దాని కింద ‘ఉచితంగా దొరికిన పాతకాలపు డిజైన్’ అని ఒక్క ముక్క రాసి వదిలేశావు. చుట్టుకు 6 కుట్లు పెంచుతూ 6, 12, 18, 24 అని లెక్క ఇచ్చావు. కుట్టు పేరు డబుల్ క్రోషే అన్నావు. డబుల్ క్రోషే అంటే ముందు సూదికి దారం ఒకసారి చుట్టుకుని, తరవాత కుట్టులో గుచ్చి దారం లాగి, సూది మీది మూడు ఉచ్చులను రెండేసి చొప్పున రెండు విడతలుగా తీయాలని చివరి పదాల పట్టికలో వివరించావు. ఈ మూడింటినీ ఒకచోట పెట్టి చదవగానే నువ్వు ఈ లేసును నీ చేత్తో అల్లి చూడలేదని నాకు తెలిసిపోయింది.

ఎలాగంటావా? నువ్వు ఇచ్చిన చెక్కడపు బొమ్మ మూల లండన్ అచ్చు గుర్తు ఉంది. ఇంగ్లండు పుస్తకాలలో డబుల్ క్రోషే అంటే పొట్టి కుట్టు. సూదికి ముందుగా దారం చుట్టే పని లేదు. కుట్టులో గుచ్చి, దారం లాగి, సూది మీదున్న రెండు ఉచ్చుల్లోంచీ ఒకేసారి లాగితే అయిపోతుంది. దానినే అమెరికా వాళ్లు సింగిల్ క్రోషే అంటారు. నువ్వు పట్టికలో వివరించినది అమెరికా డబుల్ క్రోషే, అంటే ఇంగ్లండు వాళ్లు ట్రెబుల్ అని పిలిచే పొడుగు కుట్టు. పొట్టి కుట్టుతో చుట్టుకు 6 పెంచుకుంటూ పోతే లేసు చదునుగా పరుచుకుంటుంది. పొడుగు కుట్టుతో ఒక్కో చుట్టు వెడల్పు దాదాపు రెట్టింపవుతుంది కనుక అంచు నిండడానికి 12 కావాలి. 6 మాత్రమే పెంచితే అంచు చాలక బిగుసుకుని, కొద్ది చుట్లకే లేసు గిన్నెలా పైకి లేస్తుంది. నీ పుస్తకం కొనుక్కున్న ఇల్లాలు వంటపని ముగించుకుని, తీరిక చేసుకుని కూర్చుని అల్లినప్పుడు అది అలా ముడుచుకుపోతే, తప్పు పుస్తకంలో ఉందని ఆమె అనుకోదు. తనకే చేతకాలేదనుకుని సూది పక్కన పడేస్తుంది. నాకు బాధ కలిగేది అక్కడే.

అందుకే ఎవరు అడిగినా నేను మొదట చెప్పేదీ, చివర చెప్పేదీ ఒకటే. చేత్తో అల్లి చూడని నమూనాను అచ్చుకు పంపకూడదు. కథలు రాసేవాళ్లు చూడని ఊరి గురించి రాసి నెగ్గుకు రావచ్చు. చేతిపని గురించి రాసేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. మన వాక్యాన్ని పాఠకురాలు చదివి ఊరుకోదు, దాని ప్రకారం చెయ్యి కదుపుతుంది. ఒక్క అంకె తప్పితే ఆమె సాయంత్రమంతా వృథా అవుతుంది.

పాత నమూనాల విషయంలో ఈ నియమాన్ని మరీ కచ్చితంగా పాటించాలి. అవి రాసినవాళ్లు, చదివేవాళ్లకు సగం పని ముందే తెలుసనుకుని రాశారు. వరస చివర ఏం చెయ్యాలో చాలాచోట్ల చెప్పరు. మనం ఇప్పటి అలవాటు కొద్దీ పనిని తిప్పుకుని వెనక్కి అల్లుకుంటూ వస్తాం. ఆ రోజుల్లో అంచు లేసులు చాలావాటిని ఒకే వైపు నుంచి అల్లేవారు, వరస ముగియగానే దారం తెంపి ముడి వేసి, మళ్లీ కుడి చివర నుంచి కొత్తగా మొదలుపెట్టేవారు. కనుక ‘తిప్పండి’ అన్న మాట లేకపోతే అది అచ్చుతప్పని తొందరపడి నువ్వు చేర్చవద్దు. తిప్పితే ఒక వరస ముందు వైపూ ఒక వరస వెనక వైపూ బయటికి వచ్చి లేసు తీరే మారిపోతుంది. ఏది సరైనదో చెప్పగలిగేది నీ చేతిలోని ముక్కే తప్ప నిఘంటువు కాదు. అప్పటి సూదుల నంబర్లు ఇప్పటి మిల్లీమీటర్లతో కలవవు. దారంలో మాత్రం సంఖ్య పెరిగినకొద్దీ సన్నదనం పెరుగుతుందన్న లెక్క నేటికీ నిలిచింది. నువ్వు 20 నంబరు దారానికి 1.25 మిల్లీమీటర్ల సూది, 40 నంబరుకు 1 మిల్లీమీటరు సూది తీసుకుని ఒక్కో పువ్వు అల్లు. స్కేలు పెట్టి కొలిచి, ఆ రెండు కొలతలనూ నమూనా పక్కనే వెయ్యి.

దారం నంబరు అనగానే, నేను చేతిపనుల శీర్షిక రాస్తున్న రోజులలో ఒక వారపత్రికలో కూర్చున్న సంపాదకుడు గుర్తుకు వస్తారు. నేను గళ్ల లేసుతో టేబుల్ గుడ్డ నమూనా ఒకటి ఎంతో శ్రమపడి సిద్ధం చేసి పంపాను. ఆయన స్థలం చాలలేదంటూ దారం నంబరు, సూది నంబరు, పూర్తయిన కొలత ఉన్న పంక్తులను తీసేసి, వాటి చోట ఫోటోను మరికొంత పెద్దది చేశారు. ఎవరి పుస్తకం నుంచి ఆ గళ్ల బొమ్మ తీసుకున్నానో తెలిపే వాక్యం కూడా పోయింది. పాఠకులకు అది అనవసరం అన్నారు. ఆ తరవాత వచ్చిన ఉత్తరాలకు జవాబులు రాసుకున్నది నేనే. లావు దారంతో అల్లినావిడ గుడ్డ బల్ల దాటి నేల మీదికి జారింది, సన్నదారంతో అల్లినావిడది బల్ల మధ్యలోనే ఆగిపోయింది. సవరణ వెయ్యమని ఎంత అడిగినా వెయ్యలేదు. చేతిపని పేజీ అంటే ఖాళీ నింపుకునే చోటు అన్న చిన్నచూపు ఆయనతో పోలేదమ్మా, ఈనాటికీ ఉంది. ఇప్పుడు దానికి ‘వింటేజ్’ అనే మోజు తోడైంది. పాత పేజీకి రంగులు పులిమి, పేరున్న మూలను కత్తిరించి, వందల నమూనాలను మూటకట్టి అమ్ముతున్నారు. ఆ మూటలలో అల్లి చూసినది ఒక్కటైనా ఉంటుందని నేను నమ్మను. నీ పుస్తకం ఆ దారిన పోకూడదని ఇంత గట్టిగా చెబుతున్నాను.

నర్సాపురం వెళ్లి చూశావా? వెళ్లకపోతే వెళ్లు. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి డెల్టాకు వచ్చిన క్రోషే లేసు అక్కడ ఇల్లిల్లూ పట్టుకుంది, 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒకరు పువ్వులు అల్లుతారు, మరొకరు వాటిని అతుకుతారు. దేశాలు దాటి పోయే ఆ లేసు మీద అల్లిన మనిషి పేరు ఉండదు. అక్కడ ఒక పెద్దావిడకు నేను 1870లో లండన్‌లో వెలువడిన బీటన్ చేతిపనుల పుస్తకంలోని ఒక బొమ్మ చూపించాను. ఆవిడకు ఇంగ్లీషు రాదు. బొమ్మను వెలుతురు వైపు తిప్పి, వేలి కొనతో కన్నాలు లెక్కపెట్టి, ఏమీ మాట్లాడకుండా దారం అందుకుంది. మధ్య ఉంగరం పూర్తిచేసి రెక్కలు మొదలుపెట్టాక ఒకచోట ఆగి, అల్లినది కొంత విప్పి, రెక్కకూ రెక్కకూ మధ్య గొలుసు కుట్టు ఒకటి తగ్గించి మళ్లీ అల్లింది. నేను పుస్తకంలోని మాటలు చూసుకున్నాను. మాటల లెక్క ఒకలా ఉంది, బొమ్మ లెక్క మరోలా ఉంది. ఆవిడ చెయ్యి బొమ్మతో పోయింది, పువ్వు చదునుగా కూర్చుంది. మాటలూ బొమ్మా పొసగని చోటు పాత పుస్తకాలలో తరచు వస్తుంది. అది కళ్లతో చదివితే దొరకదు, చెయ్యి ఆగిన చోటే దొరుకుతుంది.

ఎలా రాయాలో నేర్చుకోవాలంటే తెరేజ్ ద దిల్మోంట్ దగ్గర నేర్చుకో. ఆస్ట్రియాలో 1846లో పుట్టి, ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న అల్సాస్‌లోని ములూజ్ ప్రాంతానికి వచ్చి, డీఎంసీ దారాల కంపెనీ కోసం ఆమె రాసిన చేతిపనుల విజ్ఞాన సర్వస్వం 1886లో వెలువడింది. పాత పుస్తకాలను ఇంటర్నెట్‌లో ఉంచే గుటెన్‌బర్గ్ ప్రాజెక్టులో ఉచితంగా చదువుకోవచ్చు. కంపెనీ దారాలు అమ్ముడుపోవడానికి రాసిన పుస్తకమే, ఏ పనికి ఏ దారం ఏ నంబరో బొమ్మ బొమ్మకూ చెబుతుంది. అయినా ఆమె ఎక్కడా చెయ్యని పని చెప్పినట్టు ఉండదు. నమూనా గీతల మీద సూదితో కన్నాలు పొడిచి, పొడి అద్ది గుడ్డ మీదికి దించే పద్ధతి వివరిస్తుంది. మన మగ్గం పనివాళ్లు ట్రేసింగ్ కాగితం మీద కిరసనాయిలు కలిపిన పొడి రుద్ది చేసేది అదే కదా. నీ ఎంబ్రాయిడరీ అధ్యాయంలో ప్రింటర్ గురించి రెండు పేజీలు రాసి, వీధి చివర మగ్గం దుకాణంలో రోజూ జరిగే ఈ పని గురించి ఒక్క వాక్యం రాయలేదు. అలాగే తిన్నగా సాగే అంచు నమూనాకు మూల మలుపు లేకపోతే ఏం చెయ్యాలో కూడా ఆమె చెబుతుంది. చట్రం లేని అద్దాన్ని నమూనా మీద ఏటవాలుగా, 45 డిగ్రీలలో నిలబెట్టి అటూ ఇటూ జరిపితే, అంచూ దాని ప్రతిబింబమూ కలిసి మూల ఏర్పడుతుంది. నచ్చిన మూల కనిపించిన చోట అద్దం ఆపి గళ్ల కాగితం మీద దించుకోవడమే. ఇది నువ్వు చేసి చూసి నీ మాటల్లో రాస్తే, అరువు తెచ్చుకున్న పది నమూనాల కంటే ఎక్కువ ఉపయోగం.

ఉచితంగా దొరికినదాన్ని పుస్తకంలో వేసుకోవచ్చా అని అడిగావు. ఉచితంగా దొరకడం వేరు, హక్కు తీరిపోవడం వేరు. దారం కంపెనీలు ఇవాళ ఊరికే ఇచ్చే నమూనాలపై హక్కు వాళ్లదే, నువ్వు అల్లుకోవచ్చు గాని అచ్చు వేసుకోకూడదు. 1957 నాటి మన కాపీరైటు చట్టం కింద రచయిత మరణించాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది. దిల్మోంట్ 1890లోనే పోయారు కనుక ఆమె విషయంలో చిక్కు లేదు. అమెరికాలో పాత ప్రచురణలకు అచ్చయిన ఏడాది నుంచి 95 ఏళ్లు లెక్క. 1964కు ముందు అచ్చయినవాటికి 28వ ఏట హక్కు పునరుద్ధరించుకోకపోతే అక్కడ అది పోయినట్టే. నీ ఏడో అధ్యాయంలో 1950ల నాటి అమెరికా బుక్‌లెట్ బొమ్మలు కనిపిస్తున్నాయి. ఎవరివో, పునరుద్ధరించారో లేదో నువ్వు చూసినట్టు లేదు. అవి తీసేయి. హక్కు తీరినవాటికి కూడా పేరు, ఊరు, సంవత్సరం రాయి. చట్టం అడుగుతుందని కాదు. 1840లలో ఐర్లండు కరువు కాలంలో క్రోషే లేసు అల్లి ఇల్లు గడుపుకున్న ఆడవాళ్ల పేర్లు ఎటూ దొరకవు, నర్సాపురంవీ దొరకవు. దొరికే పేర్లనైనా మనం కత్తిరించకుండా ఉండాలి.

ఏడో అధ్యాయంలో ఏర్పడే ఖాళీకి గళ్ల నమూనాలు తీసుకో. 1587లో ఫెదెరికో వించోలో అనే ఆయన పారిస్‌లో వేసిన పుస్తకంలో గళ్లలో నింపిన జంతువులు, పక్షులు ఉన్నాయి. గళ్లకు ఇంగ్లండు కుట్టు, అమెరికా కుట్టు అన్న పేచీ లేదు. నిండిన గడి, ఖాళీ గడి, అంతే. అదే బొమ్మను క్రాస్ కుట్టుతో దిండు గలీబు మీద వేసుకోవచ్చు, లేసుగానూ అల్లుకోవచ్చు. లేసుకైతే గడికి మూడు కుట్లు, చివర ఒకటి, అంటే 40 గళ్ల వెడల్పుకు 121 కుట్లు. ఒక్క సంగతి చూసుకో. క్రోషేలో గడి సరిగ్గా చతురస్రంగా రావడం చెయ్యి బిగువును బట్టి ఉంటుంది. నీ చేతిలో నిలువుగా సాగితే పక్షి మెడ సాగిపోతుంది. పది గళ్ల ముక్క అల్లి నిలువూ అడ్డమూ కొలిచాకే బొమ్మ ఎంచుకో.

ప్రచురణకర్తల సంగతి తరవాత మాట్లాడుకుందాం. ముందు నాలుగో అధ్యాయం, ఏడో అధ్యాయం మళ్లీ రాసి, వాటిలోని ప్రతి నమూనాకూ అల్లిన ముక్కను జతచేసి పంపు. ఒక్కో ముక్కకూ దారం నంబరు, సూది కొలత రాసిన చీటీ కట్టు. ఫోటోలు వద్దు, వాటిలో కుట్టు బిగువు నాకు తెలియదు. పోస్టులోనే పంపు, ముక్కలకు ఇస్త్రీ మాత్రం చెయ్యకు.

నీ శ్రేయోభిలాషి