కొరియన్‌లో ‘తగిన’ మాట ఏది?

ప్రశ్న: మాది హిందూపురం. బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాను. మూడేళ్లుగా కొరియన్ నేర్చుకుంటున్నాను. కొరియన్ భాషా సామర్థ్య పరీక్ష టోపిక్-1లో రెండో స్థాయి వచ్చింది. టోపిక్-2 రాస్తే 112 మార్కులు వచ్చాయి. మూడో స్థాయికి 120 కావాలి. రాత విభాగంలోనే బాగా తగ్గాయి. మాత్తాంగ్‌హాదా, ఆల్మాత్తా, జొక్తాంగ్‌హాదా, జొక్చొల్‌హాదా అనే నాలుగు పదాలకూ నా నోటుపుస్తకంలో ‘తగిన’ అనే ఒకే అర్థం రాసుకున్నాను. ఎక్కడ ఏది వాడాలో తెలియడం లేదు. ఇలాంటి తేడాల మీద నెలలు వెచ్చించాలా, లేక కొత్త పదాలు నేర్చుకుంటూ ముందుకు పోవాలా? పెనుకొండ వైపు దుబాసీ ఉద్యోగాలు ఉంటాయన్న ఆశతో మొదలుపెట్టాను. నాన్న మాత్రం ఈ భాషను నమ్ముకుని డిగ్రీని నిర్లక్ష్యం చేయవద్దంటున్నారు.

జవాబు: నెలలు అక్కర్లేదమ్మా, మూడు వారాలు చాలు. కానీ ఆ మూడు వారాలు తప్పకుండా పెట్టండి. మీకు తగ్గిన ఎనిమిది మార్కులకూ, మీరు అడిగిన పదాలకూ దగ్గరి సంబంధం ఉందని నా నమ్మకం.

టోపిక్-1లో వినడం, చదవడం మాత్రమే ఉంటాయి. సీరియళ్లు చూస్తూ, పాటలు వింటూ కొరియన్ నేర్చుకున్నవారు అక్కడిదాకా హాయిగా వెళ్లిపోతారు. రోజువారీ మర్యాద మాటల్లో వాక్యం ‘యొ’తో ముగుస్తుంది. క్రియకైనా విశేషణానికైనా అదే ముగింపు. ‘మొగొయొ’ అంటే తింటాను, ‘మాత్తాంగ్‌హేయొ’ అంటే తగి ఉంది. ఏది క్రియో ఏది విశేషణమో తెలియకపోయినా అక్కడ ఎవరూ పట్టుకోలేరు. టోపిక్-2లో రాత వస్తుంది. చివరి ప్రశ్న, అంటే 54వది, 600 నుంచి 700 అక్షరాల వ్యాసం. దాన్ని ‘యొ’తో రాయకూడదు, పుస్తకాల్లోనూ పత్రికల్లోనూ కనిపించే సాదా శైలిలో రాయాలి. అక్కడ రెండింటి దారులూ వేరవుతాయి. క్రియ అయితే ‘మొంగ్‌నున్దా’ అని మధ్యలో ఒక ప్రత్యయం చేరుతుంది. విశేషణమైతే ఏదీ చేరదు, ‘మాత్తాంగ్‌హాదా’ అని ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ‘మాత్తాంగ్‌హాన్దా’ అని రాశారా, తప్పు. మీ పాత అభ్యాస వ్యాసాలు తీసి ఒక్క ఈ తప్పు కోసమే వెతకండి. నా దగ్గర చదివినవారి వ్యాసాల్లో నేను ఎర్ర సిరాతో ఎక్కువసార్లు గుర్తించింది ఇదే.

ఈ విషయంలో తెలుగువారికి ఒక మేలు ఉంది, దాన్ని చాలామంది గమనించరు. మనకు ‘మంచి’, ‘ఎర్ర’ లాంటి విశేషణాలు కదలకుండా ఉండిపోతాయి. ‘తగు’ అలా కాదు. తగును, తగదు, తగిన, తగని అంటూ క్రియలాగే రూపాలు మారుతుంది. కొరియన్ విశేషణాలన్నీ మన ‘తగు’ లాంటివే. ఇంకా దగ్గరగా చూడండి. ‘తిన్న’ అంటే జరిగిపోయిన పని. ‘తగిన’ కూడా అదే అచ్చులో పోసిన రూపం, కానీ అర్థం మాత్రం ఇప్పటిదే. తగిన మనిషి అంటే ఒకప్పుడు తగినవాడు కాదు, ఇప్పుడు తగినవాడు. కొరియన్‌లోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. ‘మొగున్’ అంటే తిన్న, ‘ఆల్మాజున్’ అంటే తగిన. ముగింపు ఒకటే. క్రియకు చేరితే గతం, విశేషణానికి చేరితే వర్తమానం. ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవారు ఇక్కడ బట్టీ పట్టాలి. మీరు ‘తిన్న – తగిన’ అని ఒకసారి పైకి అనుకుంటే చాలు.

ఆల్మాత్తాతో ఒక చిక్కుంది. ‘మాత్తా’ అనే చిన్న మాట క్రియ, దాని విశేషణ రూపం ‘మాన్నున్’. ఆల్మాత్తా చెవికి దాని అన్నలా వినిపిస్తుంది, కానీ అది విశేషణం కాబట్టి ‘ఆల్మాజున్’ అవుతుంది. ‘ఆల్మాన్నున్’ అని కొరియన్లే తరచూ పొరబడతారు. మీకు మాత్రం సరైన రూపం ప్రశ్నపత్రమే అందిస్తుంది. టోపిక్‌లో ఖాళీలు పూరించే ప్రశ్నల పైన ‘కాజాంగ్ ఆల్మాజున్ గొసుల్ కోరుషిప్షియో’ అని ఉంటుంది. అన్నిటికన్నా తగినదాన్ని ఎంచుకోండి అని అర్థం. (ఎంచుకోవడానికి వాళ్లు వాడే ధాతువు మన ‘కోరు’లా వినిపించడం యాదృచ్ఛికమే అయినా, గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది.) మూడేళ్లలో ఆ వాక్యాన్ని మీరు ఎన్నిసార్లు చూసి ఉంటారో! కొలత, పరిమాణం, ఖాళీ, వాతావరణం లాంటివాటికి అమరినట్టు సరిపోయేది ఆల్మాత్తా. మన ‘సరిపడే’, ‘అనువైన’ దీనికి దగ్గర.

ఇక మాత్తాంగ్‌హాదా. నాలుగింటిలో లోతైనది ఇదే. కొరియా ప్రామాణిక నిఘంటువు దీనికి మూడు అర్థాలు ఇస్తుంది: పరిస్థితికి తగి ఉండటం, మనసుకు నచ్చేలా ఉండటం, న్యాయంగా చూస్తే అలాగే జరగవలసి ఉండటం. చదివితే మూడు వేర్వేరు మాటల్లా ఉంటాయి. తెలుగులో పెట్టి చూస్తే మూడూ ఒకే ఇంటివని తెలుస్తుంది. ‘తగిన సంబంధం కుదరలేదు’ అంటాం, అది మొదటిది. ‘వాడికి తగిన శాస్తి జరిగింది’ అంటాం, అది మూడోది. కొరియన్లు ‘పొరుల్ పాదా మాత్తాంగ్‌హాదా’ అన్నప్పుడు అచ్చంగా ఈ రెండో వాక్యంలోని ‘తగిన’నే పలుకుతున్నారు: శిక్ష పడితే అది తగినదే. మధ్య అర్థం, అంటే మనసుకు నచ్చడం, ఎక్కువగా వ్యతిరేక రూపంలో వినబడుతుంది. ‘మోన్‌మాత్తాంగ్‌హాదా’ అంటే మింగుడుపడకపోవడం, మొహం చిట్లించుకునేలా ఉండటం.

మొదటి అర్థంలో వాడినప్పుడు దీని వెనక ‘లేదు’ అనే మాట చాలాసార్లు నడుస్తుంది. ‘మాత్తాంగ్‌హాన్ సారామి ఒప్తా’, తగిన మనిషి లేడు. ‘మాత్తాంగ్‌హాన్ ఇల్చారిగా ఒప్సొయొ’, తగిన ఉద్యోగం లేదు. డిగ్రీ చేతికొచ్చిన కొరియా యువతీయువకులు తమ పరిస్థితి చెప్పుకునేటప్పుడు ఈ వాక్యం వాడతారు. మీరు ఈ మాటను విడిగా కాకుండా ఆ ‘లేదు’తో కలిపి నేర్చుకుంటే, వ్యాసంలో అది దానంతట అదే సరైన చోట పడుతుంది. కార్యాలయంలో కొరియన్ అధికారి మీ ప్రతిపాదన చూసి ‘మాత్తాంగ్‌చి ఆన్నేయొ’ అన్నారనుకోండి. పైకి ‘అంత తగినట్టు లేదు’ అనే మెత్తని మాటే, కానీ అందులో అయిష్టం ఉంది. ‘ఆయనకు మనసొప్పడం లేదు’ అని చెబితే వినేవారికి సంగతి అందుతుంది.

జొక్తాంగ్‌హాదా విషయంలో మాత్రం జాగ్రత్త చాలా అవసరం. దీని అసలు అర్థం తగినంత, మితంగా అనే. కానీ దాని క్రియావిశేషణ రూపం ‘జొక్తాంగ్‌హీ’కి వాడుకలో మరో అర్థం వచ్చి చేరింది: ఏదో ఒకలా పని కానివ్వడం. ఆ ధోరణిని తప్పుబట్టడానికి ‘జొక్తాంగ్‌జుయి’ అనే పేరే ఉంది. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి మూడో స్థాయి దాటగానే ఒక విడిభాగాల కర్మాగారంలో దుబాసీగా చేరింది. రెండో వారంలో కొరియన్ ఇంజినీరు బోల్టులు బిగించే వరుస దగ్గర నిలబడి ‘జొక్తాంగ్‌హీ హాజి మాసేయొ’ అన్నారు. ఈ అమ్మాయి నిఘంటువు అర్థం పట్టుకుని ‘తగినంతగా చేయవద్దంటున్నారు’ అని చెప్పింది. చేతిలో స్పానర్ పట్టుకున్న కుర్రవాడు ఒక్క క్షణం ఆగి, ‘మరి ఎక్కువ బిగించాలా, తక్కువా మేడమ్?’ అని అడిగాడు. ఇంజినీరు మళ్లీ అదే మాట గట్టిగా అన్నారు. ఆయన చెప్పాలనుకున్నది ‘మమ అనిపించకండి, లెక్క ప్రకారం బిగించండి’ అని. ఆ తెలుగు మాట ఆమెకు రాక కాదు, చిన్నప్పటినుంచీ వింటున్నదే. రెండు మాటలూ ఒకదానికొకటి జోడీ అని అప్పటివరకూ ఎవరూ చూపించలేదు, అంతే. నేనూ చూపించలేదు. ఆ ఫోను వచ్చిన రోజు నుంచి ఈ పదం లేకుండా నేను ఏ తరగతీ పూర్తి చేయడం లేదు.

ఒక మాటకు ఇలా రెండు ముఖాలు ఉండటం మనకు కొత్త కాదు. ‘ఉచితం’ అంటే తగినదనీ అర్థం, డబ్బు తీసుకోనిదనీ అర్థం. ‘సముచిత స్థానం’లో ఉన్న ఉచితం, ‘ఉచిత బస్సు ప్రయాణం’లో ఉన్న ఉచితం ఒకటేనని తెలుగు నేర్చుకునే కొరియన్‌కు చెబితే ఎంత ఆశ్చర్యపోతారో ఆలోచించండి.

మిగిలిన జొక్చొల్‌హాదా గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. సందర్భానికి సరిగ్గా అతికే మాటకూ, చర్యకూ, పోలికకూ వాడతారు. మన ‘సముచితమైన’ అనుకోండి. వ్యాసంలో నిస్సంకోచంగా వాడుకోవచ్చు. ఇది, జొక్తాంగ్‌హాదా రెండూ చీనా మూలం నుంచి వచ్చినవి, రెండింటి మొదట్లో ఉన్న ‘జొక్’ ఒకటే. మాత్తాంగ్‌హాదా, ఆల్మాత్తా అచ్చ కొరియన్ మాటలు. మనకు తగిన, అనువైన ఒకవైపు, సముచిత, యోగ్య మరొకవైపు ఉన్నట్టే వాళ్లకూ రెండు పొరలున్నాయి. ఆ ‘జొక్’ పట్టుకుంటే ఇంకో మాట దొరుకుతుంది: ‘జొక్సొంగ్’, అంటే ఒక మనిషికి సహజంగా ఒక పని అబ్బే గుణం. శాంసంగ్ సంస్థ ఉద్యోగార్థులకు పెట్టే పరీక్ష కొరియన్ పేరులో ఈ మాట ఉంది. మీ బయోడేటాలోనూ, ఇంటర్వ్యూలోనూ ఇది మీకు అవసరపడుతుంది కాబట్టి ఇప్పుడే నేర్చుకోండి. అయితే ‘జొక్’ అని పలికే మాటలన్నీ ఈ కుటుంబానివి కావు. శత్రువునూ ‘జొక్’ అనే అంటారు.

మూడు వారాలు ఎలా గడపాలంటే, ముందుగా నోటుపుస్తకంలో ‘తగిన’ అని రాసుకున్న ఆ నాలుగు వరుసలూ కొట్టేయండి. కొరియా జాతీయ భాషా సంస్థ వారి ప్రాథమిక నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఇంగ్లీషు వివరణలూ ఉంటాయి. ఒక్కో పదానికి అందులోంచి పది వాక్యాలు చేత్తో రాసుకుని, ప్రతి వాక్యం కింద మీ ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో అదే మాట ఎలా అంటారో రాయండి. ‘తగిన’ అని మాత్రం రాయకూడదన్నది నియమం. సబబు, మనసొప్పదు, సరిపడా, తగిన శాస్తి, మమ అనిపించడం... ఏ మాట వస్తే అది. తెలుగు మాట దొరకకపోతే అమ్మనో నాన్ననో అడగండి. మూడో వారంలో వారానికి రెండు వ్యాసాల చొప్పున కాకుండా రోజుకు ఆరేడు వాక్యాలు సాదా శైలిలో రాయండి, ప్రతి వాక్యం చివరి మాట క్రియో, విశేషణమో పక్కన గుర్తు పెట్టండి.

ఇప్పుడు నాన్నగారి మాటకు వస్తాను. ఆయన భయంలో నిజం ఉంది. కియాతో ఒప్పందం 2017లో కుదిరి, 2019లో పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కార్ల తయారీ మొదలైంది. దాని వెంట విడిభాగాల సంస్థలు మీ జిల్లాకు వచ్చాయి. శ్రీసిటీలో ఎల్‌జీ కర్మాగారానికి 2025 మేలో పునాది పడింది. శ్రీపెరుంబుదూరులో హ్యుందాయ్ 1998 నుంచే కార్లు చేస్తోంది. అవకాశాలు మీ జిల్లాలోనూ, మరీ దూరం కాని చోట్లా ఉన్నాయన్నది వాస్తవం. కానీ మూడో స్థాయి ఒక్కటే చేతిలో పెట్టుకుని దుబాసీగా వెళ్తే, పైన చెప్పిన అమ్మాయిలా రెండో వారంలోనే కష్టం ఎదురవుతుంది. దుబాసీ పనికి నాలుగో స్థాయి, అంటే 150 మార్కులు వచ్చాకే దరఖాస్తు చేయమని నేను చెబుతాను.

ఈలోగా బీకాం మీకు బరువు కాదు, ఆసరా. విడిభాగాల సంస్థల్లో కొనుగోళ్లు, దిగుమతి పత్రాలు, జీఎస్‌టీ లెక్కలు చూసేవారు కావాలి. ఆ బల్ల దగ్గర కూర్చుని కొరియా కార్యాలయం నుంచి వచ్చిన ఉత్తరం చదవగలిగే మనిషికి ఉండే విలువ, మాటలు మాత్రమే మార్చి చెప్పే మనిషికి ఉండే విలువకన్నా నిలకడైనది. డిగ్రీ మంచి మార్కులతో పూర్తి చేయండి, టాలీ నేర్చుకోండి. పూర్తిగా భాష వైపే వెళ్లాలనిపిస్తే ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కొరియన్‌లో ఎంఏ ఉంది. కొరియా ప్రభుత్వ ఉపకారవేతనంతో అక్కడ పీజీ చేయాలంటే ముందు ఏడాదిపాటు భాష నేర్పుతారు, కోర్సులో చేరడానికి మూడో స్థాయి సాధించాలి. ఆ దారిలోనూ మీ డిగ్రీ మార్కులు చూస్తారు.

టోపిక్ ఫలితం రెండేళ్లే చెల్లుతుంది. అందుకని డిగ్రీ చివరి పరీక్షలతో కలిసి వచ్చే విడతను వదిలేసి, ఆ తర్వాతి దానికి పేరు నమోదు చేసుకోండి. ఈ మూడు వారాల నోటుపుస్తకం పూర్తయ్యాక నాన్నగారికి ఒకసారి చూపించండి. తెలుగు వరుసలు ఆయన చదవగలరు కదా, ఎక్కడైనా మాట అతకలేదని ఆయనకు అనిపిస్తే ఆ వాక్యాన్ని మళ్లీ చూసుకోండి.