డాక్టర్ సలహా: పాపకు జీడిపప్పు పడదు, ఇంట్లో కుకీల పార్టీ పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా పాపకు ఆరేళ్లు, బరువు 20 కిలోలు. జీడిపప్పు, పిస్తా ఎలర్జీ ఉందని రెండేళ్ల క్రితం తేలింది. ఎపినెఫ్రిన్ పెన్ను (ఎలర్జీ తీవ్రమైతే వెంటనే తొడకు గుచ్చే మందు ఇంజెక్షన్) ఇంట్లో ఉంచుకుంటున్నాం. ఈ డిసెంబరులో ఎనిమిది కుటుంబాలను పిలిచి, ఎవరింట్లో చేసిన కుకీలు వారు తెచ్చి అందరూ మార్చుకునేలా చిన్న పార్టీ పెట్టి, పిల్లలతో క్రిస్మస్ చెట్టుకు కట్టే బొమ్మలు కూడా చేయించాలని ఉంది. ఓవెన్‌లో కాల్చాక ఎలర్జీ ఉండదని ఒక స్నేహితురాలు అన్నారు. నిజమేనా? - ఒక తల్లి

జవాబు: పార్టీ తప్పకుండా పెట్టుకోండి. కానీ మీ స్నేహితురాలి మాట జీడిపప్పు విషయంలో నిజం కాదు. గుడ్డు పడని పిల్లల్లో చాలామంది బాగా కాల్చిన కేకులోని గుడ్డును తట్టుకోగలుగుతారు, అది కూడా డాక్టర్ పర్యవేక్షణలో తినిపించి చూశాకే నిర్ణయించాలి. ఆమె విన్నది బహుశా ఆ సంగతి కావచ్చు. జీడిపప్పు, పిస్తాల్లో ఎలర్జీ కలిగించే ప్రోటీన్లు మాత్రం ఓవెన్ వేడికి నశించవు.

ఇలాంటి పార్టీలో అసలు చిక్కు వంటకంలో కన్నా మార్చుకునే పద్ధతిలో ఉంటుంది. బల్ల మీద పళ్లేలన్నీ పరిచి, ఒక్కొక్కరు ఖాళీ డబ్బా పట్టుకుని తిరుగుతూ అదే పట్టకారుతో అన్ని రకాలూ ఏరుకుంటారు. పిస్తా అద్దిన నాన్‌ఖటాయి తీసిన పట్టకారు మరుక్షణం వెన్న కుకీ మీదికి వెళ్తుంది. అందుకని ప్రతి కుటుంబం కుకీలను ముందే చిన్న డబ్బాల్లో సర్ది, మూత పెట్టి, పైన పదార్థాలన్నీ రాసి తెచ్చేలా అడగండి. జీడిపప్పు, పిస్తా, బాదం, అక్రోటు ఏవీ వద్దని పిలిచేటప్పుడే చెప్పండి. హైదరాబాద్ నుంచి వచ్చిన ఫ్రూట్ బిస్కెట్లలోనూ తరచుగా జీడిపప్పు ఉంటుంది కనుక వాటి పేరు విడిగా ఎత్తండి.

ఇంత చెప్పినా, ఇతరుల ఇంట్లో చేసిన కుకీలను మీ పాపకు పెట్టవద్దనే నా సలహా. ఎవరినీ అనుమానించి ఈ మాట చెప్పడం లేదు. మన వంటింట్లో నిన్న కుర్మాలోకి జీడిపప్పు ముద్ద చేసిన మిక్సీ జారులోనే ఈ రోజు కుకీలకు చక్కెర పొడి చేస్తాం. జారు ఎంత కడిగినా బ్లేడు కింద, మూత రబ్బరు సందులో కొంత ముద్ద మిగిలిపోవచ్చు, అది లేబుల్ మీదికి ఎక్కదు. పాపకు మీరు చేసిన కుకీలతో ఒక డబ్బా విడిగా సిద్ధం చేసి, అందరికన్నా ముందు ఆమె చేతికివ్వండి.

బొమ్మల పని ముందు, తినడం తరవాత పెట్టుకుంటే సగం చిక్కు తీరుతుంది. తిన్నాక పిల్లలందరూ సబ్బు, నీళ్లతో చేతులు కడగాలి. శానిటైజర్ క్రిములను చంపుతుంది గాని, ఎలర్జీ ప్రోటీన్‌ను తొలగించదు. అమెరికాలో పిల్లలు దేవదారు కాయకు వేరుశనగ వెన్న పూసి, గింజలు అద్ది, పక్షులకు వేలాడదీస్తుంటారు. వేరుశనగ మీ పాపకు పడుతున్నా, వచ్చే పిల్లల్లో ఎవరికో పడకపోవచ్చు కనుక ఆ పని మానండి. ఉప్పు, మైదా కలిపి చేసే బొమ్మల ముద్దను నోట్లో పెట్టుకోనివ్వకండి, ఎందుకంటే పచ్చి మైదాలో ఈ.కోలై వంటి క్రిములు ఉండవచ్చు. వేడి జిగురు తుపాకీ పెద్దల చేతిలోనే ఉండాలి. వేలు కాలితే 20 నిమిషాలు చల్లని కుళాయి నీటి కింద ఉంచండి, టూత్‌పేస్టు రాయవద్దు.

ఇక పెన్ను సంగతి. 15 నుంచి 30 కిలోల లోపు పిల్లలకు సాధారణంగా 0.15 మిల్లీగ్రాముల మోతాదు వాడతారు. మీ దగ్గరున్నది అదేనా, గడువు తీరిందా అన్నవి ఇవాళే చూసుకోండి. ఒకటి కాదు, రెండు ఉండాలి. ఆ రోజు వాటిని చేతికందే చోట పెట్టి, మీతో పాటు మరో పెద్దవారికి వాడే విధానం చూపించండి. ఒంటి మీద దద్దుర్లతో పాటు వాంతి, దగ్గు, గొంతు బొంగురుపోవడం, ఊపిరి ఆడకపోవడం వంటివి ఏవి కనిపించినా, ముందు ఎలర్జీ సిరప్ తాగించి చూద్దామని ఆగకండి. ఆ సిరప్ దురద తగ్గిస్తుంది గాని ఊపిరి నిలపదు. తొడ బయటివైపు, బట్టల మీదుగానే పెన్ను గుచ్చి, 911కు ఫోన్ చేసి, పాపను పడుకోబెట్టండి. ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టవచ్చు, నడిపించకూడదు. 5 నుంచి 15 నిమిషాల్లో తగ్గకపోతే రెండోది వాడాలి. ఎలర్జీ కొన్ని గంటల తరవాత తిరగబెట్టవచ్చు కాబట్టి, పాప తేరుకుని ఆడుకుంటున్నా ఆస్పత్రికి తీసుకువెళ్లి, అక్కడి వైద్యులు పంపేదాకా ఉంచండి.