బీఎస్ ఎండీకి అప్లై చేసే ముందు పిల్లల వీసా, ఎనిమిదేళ్ళ ఖర్చు చూస్కోండి

పిల్లలు తొమ్మిదో పదో క్లాసులో ఉండగా అమెరికా వచ్చిన మనవాళ్ళు ఈమధ్య నన్ను తెగ అడుగుతున్న ప్రశ్న ఒకటే, "ఇక్కడ కూడా మన ఎంబీబీఎస్ లాగా ట్వెల్త్ అవ్వగానే మెడిసిన్ సీటు ఇచ్చేస్తారంట కదండీ, ఎంతవుతుంది, మావాడికి వస్తుందా?" అని. ఫోన్లో పది నిమిషాల్లో చెప్పి పెట్టేసేది కాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నా.

ఇక్కడ మామూలు దారి ఏంటంటే నాలుగేళ్ళ డిగ్రీ చదవాలి, మధ్యలో ఎంక్యాట్ (మెడికల్ స్కూళ్ళ ప్రవేశ పరీక్ష) రాయాలి, మళ్ళీ మెడికల్ స్కూళ్ళకి విడిగా అప్లై చేయాలి, సీటొస్తే ఇంకో నాలుగేళ్ళు ఎండీ (ఇది మన పీజీ ఎండీ కాదు, ఇక్కడ డాక్టర్ అవ్వడానికి చదివే మొదటి మెడికల్ డిగ్రీ). ఏటా దాదాపు 50 వేల మందికి పైగా అప్లై చేస్తే చేరేది 23 వేల చిల్లర. బీఎస్ ఎండీ అంటే హైస్కూల్ చివరి ఏడాదిలోనే డిగ్రీ సీటు, ఎండీ సీటు రెండూ కలిపి ఇవ్వడం. బ్రౌన్ యూనివర్సిటీలో పీఎల్ఎంఈ అనే ప్రోగ్రాము ఎనిమిదేళ్ళు, కాలేజ్ ఆఫ్ న్యూజెర్సీ రట్గర్స్ తో కలిసి నడిపేది ఏడేళ్ళు, కాన్సాస్ సిటీలో యూఎంకేసీ (యూనివర్సిటీ ఆఫ్ మిసోరీ) ది ఆరేళ్ళే. సీట్లు మాత్రం చాలా తక్కువ, పేరున్న చోట వంద మంది అప్లై చేస్తే ఇద్దరు ముగ్గురికి వస్తే గొప్ప.

ఇప్పుడు అసలు విషయం. మీ పిల్లలు ఏ వీసా మీద ఉన్నారు? మార్కులు, శాట్ స్కోరు, రీసెర్చ్ అన్నీ దీని తరువాతే. ఈ ప్రోగ్రాముల్లో చాలావాటికి సిటిజన్ గానీ గ్రీన్ కార్డు గానీ ఉండాల్సిందే, హెచ్4 (హెచ్1బీ మీద పనిచేసేవాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) వాళ్ళ అప్లికేషన్ తీసుకోరు, ఆ మాట వెబ్సైట్ లో ఎక్కడో కింద ఒక్క లైన్ లో ఉంటుంది, కన్సల్టెంట్ కి వేల డాలర్లు కట్టి ఎస్సేలు రాయించుకున్నాక ఆ లైన్ చూసిన కుటుంబాలు నాకు తెలుసు. పద్దెనిమిదేళ్ళకి కాలేజీలో చేరిన పిల్లలకి థర్డ్ ఇయర్ లో ఇరవై ఒకటి నిండుతాయి, ఆ రోజుతో హెచ్4 అయిపోతుంది, ఆలోపే ఎఫ్1 అనే స్టూడెంట్ వీసాకి మార్చుకోవాలి. అంటే ఎండీ మొదలయ్యేసరికి పిల్లలు ఇంటర్నేషనల్ స్టూడెంట్ కింద లెక్క. అప్పుడూ ఫెడరల్ లోన్ (కేంద్ర ప్రభుత్వం ఇచ్చే చదువు లోన్) రాదు, కొన్ని రాష్ట్రాల్లో ఇన్ స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రం వాళ్ళకి ఉండే తక్కువ ఫీజు) కూడా పోతుంది, ఇంటర్నేషనల్ వాళ్ళని తీసుకునే మెడికల్ స్కూళ్ళే తక్కువ, తీసుకునేవాటిలో కొన్ని ఏడాది నుంచి నాలుగేళ్ళ ఖర్చు దాకా ముందే ఎస్క్రో అకౌంట్లో (ఫీజు కోసమే విడిగా కట్టిపెట్టే ఖాతా) వేసి చూపించమంటాయి. ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డుల్లో మన ఇండియా వాళ్ళ ఈబీ2, ఈబీ3 క్యూ పదేళ్ళు దాటి నడుస్తోంది కాబట్టి "ఆలోపు గ్రీన్ కార్డు వచ్చేస్తుందిలే" అనే నమ్మకం మీద ప్లాన్ వేయకండి దయచేసి. పిల్లల వయసు లెక్కకి సీఎస్పీఏ అనే చట్టం ఉంది, దాని కింద ఐ140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) పెండింగ్ లో ఉన్న రోజుల్ని వయసులోంచి తీసేస్తారు, అది కొందరికి పనికొస్తుంది, కానీ 2025 ఆగస్టు 15 నుంచి ఆ లెక్కకి ఫైనల్ యాక్షన్ డేటే (వీసా బులెటిన్ లో గ్రీన్ కార్డు ఇచ్చే తేదీ) చూస్తున్నారు, కాబట్టి పాత సలహాలు నమ్ముకోకుండా మీ లాయర్ తో కూర్చుని మీ ప్రయారిటీ డేట్ (క్యూలో మీరు చేరిన తేదీ) పెట్టి లెక్క వేయించుకోండి. పిల్లలు నైన్త్ లో ఉన్నప్పుడే ఈ పని అవ్వాలి, ట్వెల్త్ లో కాదు.

సిటిజన్ పిల్లలున్న వాళ్ళు, గ్రీన్ కార్డు చేతికొచ్చిన వాళ్ళు డబ్బు దగ్గరికి రండి. ప్రైవేట్ యూనివర్సిటీలో హాస్టలు, తిండితో కలిపి ఏడాదికి 90 వేల డాలర్లు వేస్కోండి, ప్రైవేట్ మెడికల్ స్కూల్ కూడా దగ్గర దగ్గర అంతే లేదా ఇంకాస్త ఎక్కువ. ఎనిమిదేళ్ళకి ఏడు లక్షల డాలర్లు దాటుతుంది. అదే సొంత రాష్ట్రంలో స్టేట్ యూనివర్సిటీ డిగ్రీ ఏడాదికి 30, 35 వేలు, స్టేట్ మెడికల్ స్కూల్ అన్నీ కలిపి 70 వేలు అనుకున్నా నాలుగు లక్షల చుట్టూ తేలుతుంది. తేడా మూడు లక్షలు, ఊళ్ళో పొలం అమ్మినా ఆ తేడా పూడదు చాలామందికి. డిగ్రీ నాలుగేళ్ళకి ఇచ్చిన మెరిట్ స్కాలర్షిప్ ఎండీ ఏళ్ళకి సాధారణంగా రాదు, ఆఫర్ లెటర్ లో ఆ మొత్తం చూసి ఎనిమిదితో గుణించకండి.

లోన్ తీస్కుంటాం అంటారు. ఇంతకుముందు డిగ్రీ తరువాతి చదువులకి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్ ఉండేది, ఖర్చు ఎంతుంటే అంత ఇచ్చేవాళ్ళు. 2025 జూలై 4న సంతకమైన చట్టంతో 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్ళకి అది లేదు. మెడిసిన్ లాంటి కోర్సులకి ఫెడరల్ లోన్ ఏడాదికి 50 వేలు, మొత్తం మీద 2 లక్షలు, అంతే. తల్లిదండ్రుల పేరు మీద డిగ్రీకి తీసుకునే పేరెంట్ ప్లస్ కూడా ఒక్కో బిడ్డకి ఏడాదికి 20 వేలు, మొత్తం 65 వేలకి కట్టేశారు. ఏడాదికి 95 వేలయ్యే మెడికల్ స్కూల్ అయితే మిగతా 45 వేలు మీ సేవింగ్స్ లోంచో ప్రైవేట్ లోన్ లోంచో రావాలి, ప్రైవేట్ లోన్ కి మీరు కో సైన్ (పూచీ సంతకం) చేయాల్సి రావచ్చు, పదేళ్ళు నాన్ ప్రాఫిట్ ఆస్పత్రిలో చేస్తే మిగతా ఫెడరల్ బాకీ మాఫీ అనే పీఎస్ఎల్ఎఫ్ పథకం ప్రైవేట్ లోన్ కి వర్తించదు. వడ్డీ కూడా తక్కువేం కాదు, 2025-26 లో గ్రాడ్యుయేట్ ఫెడరల్ లోన్ కే 7.94 శాతం, చదువుతున్నన్ని రోజులూ పెరుగుతూనే ఉంటుంది.

గ్యారంటీ సీటు అనే మాట గురించి. గ్యారంటీయే, కానీ షరతులతో. కొన్నిచోట్ల జీపీఏ (మార్కుల సగటు) ఇంతకంటే తగ్గకూడదు, కొన్నిచోట్ల ఎంక్యాట్ రాసి ఫలానా స్కోరు తేవాలి, కొన్నిచోట్ల ఎంక్యాటే అక్కర్లేదు. ఫస్ట్ ఇయర్ లో ఆర్గానిక్ కెమిస్ట్రీ ఒక్క సెమిస్టర్ తేడా కొడితే సీటు పోయిన పిల్లలున్నారు. ఆఫర్ వచ్చాక మెయిల్ పెట్టి అడగండి, గత కొన్నేళ్ళలో చేరినవాళ్ళలో ఎంతమంది ఎండీ దాకా వెళ్ళారు, జీపీఏ తగ్గితే ఒక సెమిస్టర్ గడువు ఇస్తారా, మధ్యలో వేరే మెడికల్ స్కూల్ కి అప్లై చేసుకుంటే ఈ సీటు ఉంటుందా పోతుందా అని. సూటిగా జవాబు చెప్పని చోట నేనైతే పిల్లని చేర్చను.

అడ్మిషన్ లో ఏం చూస్తారు అంటే, మార్కులు అందరికీ ఉంటాయి కాబట్టి అవి గేటు దాటడానికే. మా అమ్మాయి ఇంటర్వ్యూలో సగం టైము ఒక్క విషయం మీదే గడిచింది, నర్సింగ్ హోమ్ లో వాలంటీరుగా శనివారాలు వీల్ చైర్లు తోసేది, అక్కడ ఒక పెద్దాయన రోజూ భోజనం వద్దనేవాడు, తనేం చేసిందని అడిగారు. పక్కన కూర్చుని ఆయన పాత ఉద్యోగం గురించి మాట్లాడించేదాన్ని, మాటల్లో నాలుగు ముద్దలు తినేవాడు అని చెప్పింది. ఆ తరువాత "డాక్టర్ అవ్వకపోతే ఏం చేస్తావు?" అన్నారు. ఈ ప్రశ్నకి బట్టీ పట్టిన జవాబు చెప్తే వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. పదహారేళ్ళ పిల్లకి నిజంగా ఇష్టముందా, అమ్మానాన్నల కోరికా అని తేల్చుకోవడమే ఆ ఇంటర్వ్యూ పని, కాబట్టి ఆ ప్రశ్న ముందు ఇంట్లో మీరు అడగండి, జవాబు మెడిసిన్ కాకపోతే కోప్పడకుండా వినండి. ఇంకో సంగతి, డెడ్ లైన్లు మామూలు అప్లికేషన్ల కంటే ముందే ఉంటాయి, చాలావాటికి అక్టోబర్, నవంబర్ లోనే అయిపోతాయి, రికమండేషన్ లెటర్లు లెవెన్త్ చివర్లోనే అడిగి పెట్టుకోవాలి.

నా అభిప్రాయం అడిగితే, మెడికల్ సీటు అనే మాట తీసేసి చూసినా మీ పిల్లలు ఆ కాలేజీలో ఆ ఊళ్ళో సంతోషంగా నాలుగేళ్ళు ఉంటారా అని చూడండి, ఉంటారంటే, ఖర్చు స్టేట్ యూనివర్సిటీకి దగ్గర్లో ఉంటే చేర్చండి. లేకపోతే స్టేట్ యూనివర్సిటీలో మంచి జీపీఏతో మామూలు దారిలో వెళ్ళడం ఏ రకంగానూ తక్కువ కాదు, ఇక్కడి మెడికల్ స్కూళ్ళలో ఎక్కువమంది అలా వచ్చినవాళ్ళే. టెక్సస్ లో ఉన్నవాళ్ళయితే ఇది మరీ గట్టిగా చెప్తా, అక్కడి పబ్లిక్ మెడికల్ స్కూళ్ళ ఇన్ స్టేట్ ఫీజు దేశంలోనే తక్కువవాటిలో ఒకటి.

హెచ్4 పిల్లలకి ఇండియాలో ఎంబీబీఎస్ చేయించి తరువాత రెసిడెన్సీకి (ఎండీ తరువాత ఆస్పత్రిలో చేసే ట్రైనింగ్) తెద్దామా అని కూడా అడుగుతున్నారు. దారి ఉంది, నీట్ రాయాలి, యూఎస్ఎంఎల్ఈ (అమెరికా డాక్టర్ లైసెన్స్ పరీక్ష) రాయాలి, జే1 వీసా మీద రెసిడెన్సీకి రావచ్చు, కాకపోతే ఇక్కడి ఎండీ వాళ్ళకి మ్యాచ్ (రెసిడెన్సీ సీటు దొరకడం) 90 శాతం పైన ఉంటే బయట చదివి వచ్చిన ఇతర దేశాల వాళ్ళకి 60 దరిదాపుల్లోనే ఉంటుంది. అమెరికా పాస్ పోర్టు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత మూలాల వాళ్ళకి ఇండియా ఇచ్చేది) ఉన్న పిల్లలకైతే కార్డు మీద తేదీ చూడండి, 2021 మార్చి 4 తరువాత వచ్చిన కార్డయితే ఎన్నారై కోటా సీట్లకే అర్హత, అంతకుముందుదైతే 2023 లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జనరల్ సీట్లకీ పోటీ పడొచ్చు, ఆంధ్రా తెలంగాణ లోకల్ కోటాకి మాత్రం అక్కడ చదివిన ఏళ్ళు విడిగా చూస్తారు.