చిన్న ఎస్‌ఎస్‌డీలోకి డిస్క్ ఇమేజ్ దిగకపోవడం గురించి

నమస్కారమండి. రాయగడలోని మీ స్టూడియో కంప్యూటర్లో 500 జీబీ హార్డ్ డిస్కును క్లోన్‌జిల్లాతో (డిస్కులకు నకలు తీసే ఉచిత సాఫ్ట్‌వేర్) ఇమేజ్ తీసి, అంటే డిస్కు మొత్తాన్ని ఫైళ్లుగా నకలు చేసి, 240 జీబీ ఎస్‌ఎస్‌డీలోకి దించబోతే, స్థలం చాలదని ఆగిపోయిందన్నారు. లోపల ఉన్నది 130 జీబీయే కదా అన్న మీ సందేహం సహజమే. ఇమేజ్‌లో నిండిన భాగాలే చేరినా, దింపేటప్పుడు క్లోన్‌జిల్లా చూసేది డేటాను కాదు, పార్టిషన్ (సీ డ్రైవ్ వంటి, డిస్కులో విడదీసిన భాగం) అసలు కొలతను.

పాత డిస్కు ఇంకా పనిచేస్తోంది కాబట్టి దారి ఉంది. హైబర్నేషన్‌నూ (పనిని డిస్కులో దాచి కంప్యూటర్‌ను ఆపే పద్ధతి) పేజ్‌ఫైల్‌నూ (విండోస్ అదనపు మెమరీగా వాడే ఫైలు) తాత్కాలికంగా ఆపి (కదలని ఫైళ్లుంటే కుదింపు మధ్యలోనే ఆగుతుంది), విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌పై ‘ష్రింక్ వాల్యూమ్’ ఎంచుకొని 280000 ఎంబీ తగ్గించండి. అప్పుడు సీ డ్రైవ్ సుమారు 190 జీబీకి వస్తుంది. 240 అని అమ్మే ఎస్‌ఎస్‌డీ విండోస్‌లో 223 జీబీగానే కనిపిస్తుంది కనుక సీ డ్రైవ్‌ను ఇంతకు తగ్గించడం అవసరం. పాత ఇమేజ్‌ను చెరపకుండా, కొత్తది వేరే ఫోల్డర్‌లో తీసి, దాన్ని సరిచూసే ఐచ్ఛికాన్ని తప్పక ఎంచుకోండి. మా గుణుపురంలో వానాకాలపు కరెంటును నమ్మి యూపీఎస్ లేకుండా ఈ పనికి కూర్చోను.

దింపేటప్పుడు ఎక్స్‌పర్ట్ మోడ్‌లో ‘-ఐసీడీఎస్’ (-icds) ఐచ్ఛికాన్ని టిక్ చేస్తే క్లోన్‌జిల్లా డిస్కు కొలత తనిఖీని వదిలేస్తుంది. మీది ఎంబీఆర్ (పార్టిషన్ల పట్టికను రాసే పాత పద్ధతి) డిస్కు, సీ తరువాత మరో పార్టిషన్ లేదన్నారు కాబట్టి ఇది సరిపోతుంది. మొదటిసారి బూట్ చేసేటప్పుడు పాత డిస్కు కేబుల్ తీసివేయండి. రెండింటికీ ఒకే సిగ్నేచర్ (విండోస్ డిస్కును గుర్తుపట్టే సంఖ్య) ఉంటుంది కాబట్టి విండోస్ తికమకపడవచ్చు. మిగిలిన ఖాళీని ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’తో కలుపుకోవచ్చు.